రాష్ట్రేతరాంధ్రులు: ఆధార వివేచనము

తెలుగు రాష్ట్రముల సరిహద్దులకు వెలుపల తరతరములుగా స్థిరపడియున్న తెలుగువారికి తమ భాషనుగూర్చియు, పూర్వులనుగూర్చియు తెలియవచ్చు సమాచారము చాలవఱకు ఇతరుల నోటనే వచ్చును. మధురలోనో, బళ్లారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో పుట్టి పెరిగిన తెలుగు బాలుడు పాఠశాలలో చదువునది ఆ రాష్ట్రపు చరిత్ర. ఇంటిలో వినునది పెద్దలు చెప్పిన వలసకథ. ఉగాది సభలో వినునది వక్త చేసిన ప్రశంస. ఇటీవలి కాలమున చేతిలోని ఫోనులో చదువునది, ఎవరు వ్రాసిరో తెలియని సందేశము. వీనిలో దేనిని ఎంతవఱకు నమ్మవలయును, దేనిని నమ్మకూడదు అను ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. పిల్లలకు తెలుగు బడి కావలయునని అర్జీ వ్రాయు ప్రతి సంఘమునకు అది సంబంధించినదే.

లోకమున ఒక విచిత్రము కలదు. తమను నిందించిన మాటను ఎవరును పరీక్షింపక అంగీకరింపరు. "ఎవడు చెప్పెను? ఎచట వ్రాసియున్నది?" అని వెంటనే అడుగుదురు. తమను పొగడిన మాటను మాత్రము ఏ ప్రశ్నయు లేకుండ స్వీకరింతురు. స్వదేశమునకు దూరమై, భాష తరిగిపోవుచున్నదను దిగులుతో నున్నవారికి పొగడ్త మఱింత ప్రియముగా నుండును. కావుననే రాష్ట్రేతరాంధ్రులకు నిందకంటె ప్రశంసయే ఎక్కువ జాగ్రత్తతో చూడదగినది. ఈ వ్యాసమున అట్టి పరీక్షకు తగిన పద్ధతి, తెలుగువారి చరిత్రలోని నిజమైన ఉదాహరణములతో వివరింపబడుచున్నది.

ఆప్తుడెవడు?

ఈ పరీక్షకు మూలసూత్రము భారతీయ తర్కశాస్త్రముననే కలదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించిరి. వీనిలో శబ్దమనగా ఆప్తుని వాక్యము. అయితే ఆప్తుడనగా కావలసినవాడు, చుట్టము అను అర్థము ఇచట పొసగదు. న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు చెప్పినదాని ప్రకారము ఆప్తుడు విషయమును స్వయముగ ఎఱిగినవాడు. ఎఱిగినదానిని ఎఱిగినట్లే తెలుపవలయునను కోరిక గలవాడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యని గూడ ఆయన చెప్పెను. చెప్పినవాని కులము, పదవి, దేశము ప్రమాణము కావు. అతనికి తెలియునా? తెలిసినదానిని దాచక, పెంచక చెప్పునా? ఈ రెండే ముఖ్యములు.

ఈ రెండు ప్రశ్నలకు మూడవ ప్రశ్న నొకదానిని చేర్పవలసియున్నది. అతడు చెప్పిన మాట నేటివఱకు మార్పు లేకుండ వచ్చినదా? మొదట చెప్పినవాడు ఆప్తుడే కావచ్చును. అతని మాటను ఒకడు విని మఱియొకనికి చెప్పగా, అది పది నోళ్లు దాటి పదకొండవ నోటికి చేరునప్పటికి మొదటి మాట మిగిలియుండునను నమ్మకము లేదు.

ఈ మూడు ప్రశ్నలను జీవితమంతయు పాటించిన పండితుడు రాష్ట్రేతరాంధ్రుల నడుమనే పని చేసెను. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863-1940) నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. సవరల భాషనుగూర్చి ఇతరులు చెప్పిన మాటలతో ఆయన తృప్తి పడలేదు. సవరలవద్దనే ఆ భాషను నేర్చుకొనిరి. ముఖలింగ క్షేత్రములోని శాసనముల లిపిని స్వయంకృషితో చదువ నేర్చిరి. తెలుగు వ్యావహారిక భాషావాదములో గూడ ఆయన తన పక్షమునకు అభిప్రాయములను గాక, పూర్వ గ్రంథములనుండి ఏరికూర్చిన ప్రయోగములను సాక్ష్యముగా చూపిరి. ఆయన వాదముతో ఏకీభవింపనివారు సైతము ఆ సాక్ష్యములకు సమాధానము చెప్పవలసివచ్చెను. ఆధారమునకు గల బలము అట్టిది.

ప్రశంసల పుట్టుక

తెలుగు సభలలో తఱచుగ వినబడు ప్రశంస యొకటి కలదు. పదునైదవ శతాబ్దమున విజయనగరమును దర్శించిన నికోలో కోంటి అను ఇటలీ యాత్రికుడు తెలుగును "తూర్పుదేశపు ఇటాలియన్ భాష" యని మెచ్చుకొనెనని వక్తలు చెప్పుదురు. పాఠ్యపుస్తకములలోను, ప్రత్యేక సంచికలలోను ఈ వాక్యము వెలసియున్నది. దీనిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

కోంటి వెనిస్ నగరపు వర్తకుడు. విజయనగరమును అతడు చూచిన మాట నిజము. అతడు స్వదేశమునకు మరలిన పిదప అతని యాత్రావృత్తాంతమును పోప్ కార్యదర్శియగు పోగ్గియో బ్రాచ్చోలినీ లాటిన్ భాషలో వ్రాసెను. దాని ఆంగ్లానువాదము 1857లో హాక్లూట్ సొసైటీ ప్రచురించిన సంపుటమున లభించును. అందు విజయనగరపు ప్రాకారములు, పండుగలు, ఆచారములు వర్ణింపబడినవి. తెలుగును ఇటాలియన్ భాషతో పోల్చిన వాక్యము మాత్రము కానరాదు. ఈ పోలిక 19వ శతాబ్దపు ఆంగ్లేయుల రచనలలో కనబడును. దక్షిణదేశమున ఉద్యోగములు చేసిన ఆంగ్లేయులకు అజంతమగు తెలుగు పదముల మాధుర్యము ఇటాలియన్ భాషను స్మరింపజేసినది. ఆ పోలిక ఎట్లో నాలుగు శతాబ్దములు వెనుకకు నడచి, ఇటలీ యాత్రికుని పేరుతో ముడివడినది. పొగడ్త ఉన్నది, పొగడినవాడు మాఱినాడు.

దీనితోబాటు, "ప్రతి పదమును అచ్చుతో ముగియు భాష ప్రపంచమున తెలుగొక్కటే" యను మాట వినబడును. దీనిని పరీక్షించుటకు గ్రంథాలయమునకు సైతము పోనక్కఱలేదు. ప్రాచీన కావ్యభాషలో ద్రుతాంతములగు పదములు నకారపు పొల్లుతో ముగియుట వ్యాకరణము చదివిన బాలునకు తెలియును. తెలుగు పదములలో అత్యధికము అజంతములను మాట సత్యము. "ప్రతి పదము", "ఒక్కటే" యను రెండు మాటలు దానిని అసత్యముగా మార్చినవి. సత్యమును అసత్యముగా మార్చుటకు తఱచుగ ఇట్టి చిన్న మాటలే చాలును.

దేశభాషలలో తెలుగు మేలైనదను ప్రశంస కృష్ణదేవరాయల పేరుతో ప్రసిద్ధము. ఇది ఆముక్తమాల్యదలో కలదు. కావున ఆధారము గట్టిది. అయినను గ్రంథమును తెఱచి చూచినవారికి రెండు విశేషములు తెలియును. అందు ఆ మాట రాయలు తానుగా అన్నది కాదు. స్వప్నమున సాక్షాత్కరించిన ఆంధ్రవిష్ణువు పలికినట్లు కవి నిబంధించెను. మఱియు అదే ప్రశంస అంతకు పూర్వపుదగు క్రీడాభిరామమున గూడ కనబడును. దీనివలన రాయల గౌరవము తగ్గదు. ఆ భావము ఆయన కాలమునాటికే తెలుగు సాహిత్యలోకమున పాతుకొనియుండెనని తెలియును. మూలమును చూచినందువలన ప్రశంస పోలేదు. దాని చరిత్ర పెరిగినది.

ఇక తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి (1882-1921) తన గీతమున తెలుగును సుందరమైనదిగా కీర్తించెననుట పూర్తిగ సత్యము. ఆయన కవితాసంపుటమున దానిని ఎవరైనను చదువవచ్చును. తమిళనాడులోని తెలుగువారికి కోంటి పేరుతో ప్రచారములోనున్న కల్పితవాక్యముకంటె భారతి నిజవాక్యము వేయిరెట్లు విలువైనది. పొరుగువాని మెప్పు అది; చూపదగిన ఆధారము గలది.

రాగిరేకు, కైఫీయతు, వలసకథ

వ్రాతలో నున్నంతమాత్రమున సత్యమనియు, పాతదైనంతమాత్రమున గౌరవనీయమనియు భావించుట మఱియొక పొరపాటు. రాగిరేకులపై చెక్కిన దానశాసనములు సైతము కల్పితములు కావచ్చును. భూమిపై హక్కును స్థాపించుకొనుటకు ప్రాచీన రాజుల పేర శాసనములను సృష్టించుట పూర్వకాలమున గూడ కలదు. కర్ణాటకమున, పరీక్షిత్తు కుమారుడగు జనమేజయ చక్రవర్తి ఇచ్చినట్లు చెప్పుకొను తామ్రశాసనములు కొన్ని బయల్పడినవి. వాని లిపి మధ్యయుగపు లిపి. మహాభారతకాలపు రాజు మధ్యయుగపు అక్షరములలో దానపత్రము వ్రాయింపజాలడు గదా! ఇట్టి కల్పిత శాసనములనుగూర్చి జె. ఎఫ్. ఫ్లీట్ 1901లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో విపులముగ చర్చించెను.

శాసనపరీక్షకు నాలుగు మార్గములు కలవు. లిపి ఆ కాలపుదేనా? భాషాప్రయోగములు ఆ కాలమునకు తగినవేనా? పేర్కొన్న రాజులు, ఉద్యోగులు, గ్రామములు ఇతర శాసనములలో కనబడుచున్నవా? శాసనములోని తిథి, వారము, నక్షత్రము, గ్రహణము ఒకదానితో నొకటి పొసగుచున్నవా? ఈ నాలుగవ పరీక్షకు 1922లో మద్రాసులో ప్రచురింపబడిన ఎల్. డి. స్వామికన్ను పిళ్లెగారి పంచాంగ సంపుటములు పరిశోధకులకు గొప్ప సాధనమైనవి. అయితే ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు. లేఖకుని పొరపాటువలన సత్యశాసనమున సైతము వారము తప్పవచ్చును. తెలివిగల కూటకర్త గణనము సరిగ చేసియుండవచ్చును. కల్పితమని తేలిన శాసనము గూడ పారవేయదగినది కాదు. అది పేర్కొన్న కాలమునకు సాక్షి కాదు గాని, అది పుట్టిన కాలమున ఎవరు ఏ భూమికొఱకు పోరాడిరో తెలుపు సాక్షి యగును.

స్థానిక చరిత్రలకు ముఖ్యాధారములైన కైఫీయతులను గూడ ఇట్లే చదువవలయును. 1815లో భారతదేశపు ప్రథమ సర్వేయర్ జనరల్‌గా నియమింపబడిన కాలిన్ మెకంజీ (1754-1821), కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు తెలుగు సహాయకులతో దక్షిణదేశమంతట గ్రామచరిత్రలను సేకరింపించెను. కరణములును, దేవాలయపు పెద్దలును తమకు తెలిసినవి చెప్పిరి. చెఱువులు, గుడులు, మాన్యములు, పన్నులు, కాపురములు మొదలగు విషయములలో ఈ వ్రాతలు అమూల్యములు. కాని చెప్పినవారికి, తమ మాట సర్కారువారి చెవిని బడుచున్నదని తెలియును. మాన్యము నిలుచుటయో పోవుటయో ఆ మాటపై ఆధారపడియుండవచ్చునని గూడ తెలియును. కావున చెప్పువానికి స్వలాభము లేనిచోట కైఫీయతును ఎక్కువగను, స్వలాభము గలచోట తక్కువగను నమ్మవలయును. తనకు నష్టము కలిగించు విషయమును తానే చెప్పినచో దానిని అన్నిటికంటె ఎక్కువగ నమ్మవచ్చును.

వలసకథల తీరు వేఱు. తమిళనాడులోని కంబళత్తు నాయకులలో ఒక కథ కలదు. పూర్వులు ఉత్తరమునుండి తరుమబడి వచ్చుచుండగా నది అడ్డుపడెననియు, ఒడ్డులనున్న చెట్లు వంగి వంతెనయై దాటించెననియు ఆ కథ చెప్పును. చెట్లు వంగెనా యని వాదించుట వ్యర్థము. అట్లని కథను త్రోసివేయుటయు తగదు. ఉత్తరమునుండి వచ్చితిమను స్మృతి తరములు గడచినను చెడలేదని ఈ కథ సాక్ష్యమిచ్చుచున్నది. ఇంటిలో నిలిచిన తెలుగు పలుకు ఆ సాక్ష్యమును బలపఱచుచున్నది. ఏ సంవత్సరమున వచ్చిరి, ఎందఱు వచ్చిరి, ఏ రాజు కాలమున వచ్చిరి అను ప్రశ్నలకు మాత్రము ఈ కథ సమాధానము చెప్పజాలదు. బొంబాయిలోని కామాఠీపురమను పేరు అట్టిదే. కామాఠీలనబడు తెలుగు శ్రామికులు అచట నివసించిరని ఆ పేరు చెప్పును. ఎన్నడు వచ్చిరో ఆ పేరు చెప్పదు. సాక్షిని అతనికి తెలిసినదే అడుగవలయును.

అంకెల మాట

మాటలను శంకించువారు గూడ అంకెలను చూడగనే తల వంచుదురు. నిజమునకు అంకెయు ఒక వాక్యమే. ఎవరు లెక్కించిరి, ఏమి లెక్కించిరి, ఎన్నడు లెక్కించిరి అను మూడు ప్రశ్నలకు అది సమాధానము చెప్పవలయును.

"భారతదేశమున హిందీ తరువాత అధికసంఖ్యాకులు మాటలాడు భాష తెలుగే" యను వాక్యమును చూడుడు. 1961 జనగణనలో ఇది సత్యము. ఆనాడు తెలుగు మాతృభాషగా గలవారు 3.77 కోట్లు, బెంగాలీవారు 3.39 కోట్లు. పిదప బెంగాలీ ముందునకు వచ్చినది. 2001 జనగణనలో తెలుగు 7.40 కోట్లతో మూడవ స్థానమున నుండెను. 2011లో తెలుగువారు 8.11 కోట్లకు పెరిగినను, 8.30 కోట్ల మరాఠీవారి తరువాత నాలుగవ స్థానమున నిలిచిరి. 1961నాటి వాక్యమును వ్రాసినవాడు అసత్యమాడలేదు. సంవత్సరమును తొలగించి దానిని నేటికిని చెప్పుచున్నవాడు అసత్యమాడుచున్నాడు. తేదీ లేని అంకె యజమాని లేని పశువు వంటిది. ఎవరి పొలములోనైనను పడి మేయును.

తమిళనాడులో తెలుగువారు జనాభాలో మూడవవంతనియు, నూటికి నలువదిమందియనియు సభలలో వినబడుచుండును. 2011 జనగణన ప్రకారము ఆ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42.34 లక్షలు, అనగా నూటికి 6 కంటె కొంచెము తక్కువ. కర్ణాటకములో 35.69 లక్షలు, ఇదియు నూటికి 6 లోపే. మహారాష్ట్రములో 13 లక్షలకు పైగా. సభలోని అంకెకును జనగణనలోని అంకెకును ఇంత దూరమేల? కొందఱు జనగణనను నిందింతురు. ఆ నిందలో కొంత సత్యము ఉండవచ్చును. ఇంటిలో తెలుగు మాటలాడుచును, గణకునకు ఆ రాష్ట్రభాష పేరు చెప్పువారు కలరు. అయినను అసలు కారణము వేఱు. వంశమున తెలుగువారెందఱు, ఇంట తెలుగు మాటలాడువారెందఱు, తెలుగు చదువ వ్రాయ నేర్చినవారెందఱు అనునవి మూడు వేఱువేఱు ప్రశ్నలు. జనగణన చెప్పునది మాతృభాషను గూర్చి మాత్రమే. సభలోని వక్త చెప్పునది వంశమునుగూర్చిన ఊహ. దానిని ఎవరును లెక్కింపలేదు. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును మఱియొక ప్రశ్నకు అతికించుటవలననే కలహము పుట్టుచున్నది. వడరి మాటలాడువారిని జనగణనము తెలుగు క్రింద చేర్చుటవంటి విభాగనియమములు గూడ మొత్తమును మార్చును.

అంకెల వివాదము రాష్ట్రేతరాంధ్రులకు కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు బరంపురము, పర్లాకిమిడి అందు చేరినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి తాలూకా మైసూరులో చేరినది. ఈ రెండు సందర్భములలోను మాతృభాషల లెక్కలే ఉభయపక్షములకును ఆయుధములైనవి. అంకెలు నిలిచినచోట వాదము నిలిచినది. అంకె తప్పని తేలినచోట దానితోబాటు నిజమైన ఫిర్యాదు సైతము వీగిపోయెడి ప్రమాదము కలదు.

యానాము: మూడు తేదీలు

రెండు ఆధారములు భేదించినంతమాత్రమున ఒకటి అబద్ధమని తలచుట తొందరపాటు. యానాము ఇందులకు చక్కని ఉదాహరణము. ఫ్రెంచి పాలనలోని యానాము భారతదేశమున ఎన్నడు చేరినదని అడిగినచో మూడు తేదీలు వినవచ్చును. 1954 జూన్ 13, 1954 నవంబరు 1, 1962 ఆగస్టు 16. ఈ మూడును సత్యములే. మొదటి తేదీన విలీనోద్యమకారులు యానాము పాలనను హస్తగతము చేసికొనిరి. రెండవ తేదీన ఫ్రెంచి స్థావరముల పాలన వాస్తవముగ భారతప్రభుత్వమునకు అప్పగింపబడినది. 1956 మే 28న సంధిపత్రముపై సంతకములు జరిగినను, అది ఆమోదము పొంది చట్టరీత్యా విలీనము పూర్తియైనది మూడవ తేదీననే. "చేరుట" యను ఒక్క మాటలో ప్రజల చర్య, పాలనామార్పు, చట్టసమ్మతి అను మూడు అర్థములు ఇమిడియున్నవి. ఏ అర్థమున అడుగుచున్నారో తెలిసినచో వివాదము తొలగును.

ఆ సంఘటనలను నడిపినవారిలో ముఖ్యులగు దడాల రాఫేల్ రమణయ్యగారు తమ ఉద్యమానుభవములను గ్రంథస్థము చేసిరి. స్వయముగ చూచినవారి వ్రాత గావున అది ప్రథమశ్రేణి సాక్ష్యము. పోరాటమున ఒక పక్షమున నిలిచినవారి వ్రాత గావున, దానిని ఎదుటిపక్షపు పత్రములతో పోల్చి చదువవలయును. సన్నిహితుడగు సాక్షి ఎక్కువ చూచును. ఎక్కువ పక్షపాతియు కావచ్చును. ఈ రెండు గుణములును ఒకే సాక్షియందుండుట సహజము. ఉభయపక్షములును ఒప్పుకొన్న విషయమును ముందుగ స్వీకరించి, భేదించిన విషయమును భేదముగనే వ్రాసియుంచుట చరిత్రకారుని ధర్మము.

పత్రికయు, ఫోనును

నేడు సమాచారము శాసనమువలె నిలువదు, గాలివలె వీచును. పరీక్షాసూత్రములు మాత్రము మాఱలేదు.

ఒకే వార్త ఐదు పత్రికలలో వచ్చినచో ఐదుగురు సాక్షులున్నట్లు పాఠకునకు తోచును. ఐదు పత్రికలును ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వంటి ఒకే వార్తాసంస్థ పంపిన ప్రతిని అచ్చువేసియుండవచ్చును. అప్పుడు సాక్షి ఒక్కడే. వాక్యములు అక్షరాల ఒకటిగ నుండుట దీనికి గుర్తు. వికీపీడియా వంటి అంతర్జాల విజ్ఞానసర్వస్వములలో మఱియొక చిక్కు కలదు. ఆధారము చూపని వాక్యమును అందుండి పత్రిక గ్రహించును. కొంతకాలమునకు ఆ పత్రికయే ఆ వాక్యమునకు ఆధారముగా చూపబడును. పాము తన తోకను తానే మ్రింగినట్లు, వాక్యమే వాక్యమునకు సాక్షి యగును.

వాట్సాప్ సందేశములలో విశేషవ్యాప్తి పొందినది ఒకటి కలదు. "తెలుగు మాటలాడుటవలన శరీరములోని 72,000 న్యూరాన్లు చైతన్యము పొందునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి" యని అది చెప్పును. ఏ శాస్త్రజ్ఞుడు? ఏ సంవత్సరము? ఏ పత్రిక? సమాధానము లేదు. 72,000 అను సంఖ్య యోగగ్రంథములలో చెప్పబడు నాడుల సంఖ్య. మనుష్యుని మెదడులోని న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. యోగశాస్త్రపు నాడికి వైద్యశాస్త్రపు న్యూరాన్ అను పేరు తగిలించి, దానికి మాతృభాషాభిమానమును జోడించినట్లు స్పష్టమగుచున్నది. "శాస్త్రజ్ఞులు కనుగొనిరి" యని చెప్పి శాస్త్రజ్ఞుని పేరు చెప్పని వాక్యము సంతకము లేని పత్రము వంటిది.

అన్ని సందేశములును ఇట్లు పూర్తిగ కల్పితములు కావు. తెలుగు లిపి ప్రపంచమున రెండవ ఉత్తమ లిపియను వార్తను చూడుడు. 2012 అక్టోబరులో బ్యాంకాక్ నగరమున లిపుల పోటీ యొకటి జరిగినదనియు, అందు కొరియావారి హంగుల్ లిపికి ప్రథమస్థానమును, తెలుగునకు ద్వితీయస్థానమును లభించినవనియు కొరియా పత్రికలు ప్రకటించినవి. పోటీ జరిగినది. కాని దానిని నడిపినవారు కొరియనులు. 2009లో సియోల్ నగరమున జరిగిన మొదటి పోటీలో గూడ హంగుల్‌కే ప్రథమస్థానము లభించినది. లిపుల ఉత్తమత్వమును తూచుటకు భాషాశాస్త్రజ్ఞులందఱు అంగీకరించిన తూనిక లేదు. కావున వార్త నిజమే, దాని బరువు తక్కువ. "ఒక పోటీలో రెండవ స్థానము వచ్చినది" అనుట సత్యము. "ప్రపంచము నిర్ణయించినది" అనుట అతిశయోక్తి. నిజమా అబద్ధమా అని అడిగి ఊరకుండక, ఎంత బరువైన నిజమని గూడ అడుగవలయును.

చిత్రములు, చలనచిత్రఖండములు గూడ సాక్ష్యములుగ పంపబడుచున్నవి. ఒకచోటి కలహపు చిత్రము మఱియొకచోటి పేరుతో తిరుగును. ఏండ్ల క్రిందటి చిత్రము నిన్నటిదిగ ప్రచారమగును. యంత్రములు మనుష్యుల ముఖములను, కంఠములను సృష్టింపగల నేటి కాలమున "కన్నులార చూచితిని" అను మాటకు సైతము వెనుకటి బలము లేదు. రెండు భాషలవారు కలిసి బ్రదుకు ఊళ్లలో ఇట్టి చిత్రము నొకదానిని పరీక్షింపక ఇతరులకు పంపుట, పొరుగువాని ఇంటికప్పుపై నిప్పురవ్వను విసరుట వంటిది. స్థలము, తేదీ, మొదట ప్రకటించినవాని పేరు తెలియని చిత్రమును ఇతరులకు పంపకుండుటయే క్షేమము.

సంఘముల బాధ్యత

ఈ వివేచనమంతయు ఎందులకు? రాష్ట్రేతరాంధ్రుల హక్కులు చాలవఱకు ఆధారములపైననే నిలిచియున్నవి. 1956లో ఏడవ సవరణముతో భారత రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలయునని చెప్పుచున్నది. 350బి అధికరణము ప్రకారము భాషాల్పసంఖ్యాకుల కమిషనరు పదవి ఏర్పడినది. 1949లో విద్యామంత్రుల సమావేశము అంగీకరించిన ప్రమాణము ప్రకారము, పాఠశాలలో 40 మందియో, తరగతిలో 10 మందియో మాతృభాషాబోధన కోరు పిల్లలున్నచో ఉపాధ్యాయుని ఏర్పాటు చేయవలయును. 1956లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన రక్షణపత్రమును దీనినే బలపఱచెను. తమిళనాడులో 2006నాటి చట్టము తమిళమును పాఠశాలలలో క్రమముగ తప్పనిసరి చేసిన పిదప, భాషాల్పసంఖ్యాక విద్యార్థులు మినహాయింపునకై న్యాయస్థానములను ఆశ్రయింపవలసివచ్చెను.

అట్టిచోట సంఘము చూపవలసినది ఏమి? నూటికి నలువదిమంది తెలుగువారను సభావాక్యమును చూపినచో, ఎదుటివారు జనగణనమును తెఱచి ఒక్క క్షణమున దానిని కొట్టివేయుదురు. ఆ వెంటనే సంఘము చెప్పిన మిగిలిన మాటలన్నియు అనుమానాస్పదములగును. ఒక పాఠశాలలో తెలుగు కోరు 40 మంది పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకములతో గూడిన పట్టికను చూపినచో దానిని కొట్టివేయుట ఎవరికిని సులభము కాదు. ఊహించిన నలువదిపాళ్లకంటె లెక్కించిన నలువదిమంది పిల్లలు బలవంతులు.

కావున ప్రతి తెలుగు సంఘమును కొన్ని నియమములను పాటించుట మేలు. సంచికలలో అచ్చువేయు ప్రతి గొప్పవాక్యమునకు ఎవరు, ఎచట, ఎన్నడు చెప్పిరో తెలుపవలయును. తెలుపజాలనిచో ఆ వాక్యమును విడువవలయును. అంకెను వ్రాయునపుడు సంవత్సరమును విడువరాదు. జనశ్రుతిని జనశ్రుతిగనే వ్రాయవలయును. సవరించి చరిత్రగ మార్చరాదు. వృద్ధుల మాటలను వారు పలికినట్లే, వారి మాండలికముననే, పేరును తేదీని చేర్చి పదిలపఱుపవలయును. ఇండ్లలోని పాత దస్తావేజులు, ఉత్తరములు, పెండ్లిపత్రికలు, మూతపడిన తెలుగు బడుల హాజరుపట్టీలు, గుడిగోడలపై శాసనములు ఈ సంఘములకు నిజమైన ధనము. వీనికి ప్రతులు తీయించి అసలు పత్రములను కాపాడవలయును. గుడి జీర్ణోద్ధరణమున శాసనముపై సున్నము పూయనీయకుండుట వేయి ఉపన్యాసములకంటె ఉపయోగకరము.

సంశయమనగా అవిశ్వాసము కాదు. నాణెమును మ్రోగించి చూచువాడు ధనమును ద్వేషించువాడు కాడు. మంచి నాణెమునకు విలువ ఇచ్చువాడు. భాషాభిమానమును అట్టిదే. పరాయి గడ్డపై పలుతరములు నిలిచి, పొరుగువారితో పొత్తు కలిపి, ఇంటి పలుకును కాపాడుకొన్న వారి చరిత్రకు అలంకారముగ కల్పితవాక్యము అవసరము లేదు. ఉన్నదానిని ఉన్నట్లు చూపుటకు ఓపిక కావలయును. ఆ ఓపిక గల సంఘము చెప్పిన మాటను న్యాయస్థానమున న్యాయమూర్తియు, పాఠశాలలో అధికారియు, ఇంటిలో మనుమడును నమ్ముదురు.